బతికున్న ఫోనుకు డెత్ సర్టిఫికెట్

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనిషి చచ్చిపోతే ఆ సంగతి ప్రభుత్వాన్ని నమ్మించడం చిన్న పనేం కాదు. ఆధార్ జిరాక్సు కావాలి. సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. సంతకం పెట్టే మనిషి సీట్లో దొరకాలి. ఆ పూట సర్వరు పడుకోకుండా ఉండాలి. ఫోనుకు ఈ యాతన లేదు. అది వెలుగుతూనే ఉంటుంది, మోగుతూనే ఉంటుంది, వైరు గుచ్చితే ఛార్జింగు ఎక్కుతూనే ఉంటుంది. అయినా చచ్చినట్టే లెక్క. ఎవరూ దరఖాస్తు పెట్టకుండా, శవాన్ని కళ్ళతో చూడకుండా, ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న కంపెనీ దానికి డెత్ సర్టిఫికెట్ రాసి పారేస్తుంది. మరణ కారణం: ఇకమీదట అప్‌డేట్లు ఇవ్వబడవు.

అలా పోయినవాళ్ళలో మన ఇంటి బిడ్డ కూడా ఉంది. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, గూగుల్లో ఆండ్రాయిడ్ పనులు చూసి షావోమికి వచ్చిన హ్యూగో బారా ఒకే వేదిక ఎక్కి, రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఫోనును లోకానికి చూపించారు. షావోమి మన దేశంలో తయారు చేయించిన మొదటి ఫోను అది. పురుడు పోసుకున్నది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. ధర 6,999 రూపాయలు. ఆంధ్రుల ఛాతీలు రెండేసి అంగుళాలు పెరిగాయి. లోపల ఉన్నది మాత్రం ఆండ్రాయిడ్ 4.4. ఆండ్రాయిడ్ 5 బజారులోకి వచ్చి అప్పటికే తొమ్మిది నెలలు. అంటే బిడ్డ నెరిసిన జుట్టుతోనే పుట్టింది. ఫొటోల్లో ఆ జుట్టు ఎవరికీ కనబడలేదు. బారసాలకు ముఖ్యమంత్రి వచ్చారు గానీ దినానికి ఎవరూ రాలేదు.

కంపెనీ ఆ ఫోనును ఏనాడూ ఆండ్రాయిడ్ 7 దాకా నడిపించలేదు. జీతం భత్యం లేని కొందరు కుర్రాళ్ళు నడిపించారు. లినేజ్‌ఓఎస్ 14.1 పేరుతో అదే చిప్పు మీద, అదే రెండు జీబీల ర్యామ్ మీద ఆండ్రాయిడ్ 7 ఎక్కించి చూపించారు. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే మరో బృందం ఇంకాస్త ముందుకెళ్ళి ఆండ్రాయిడే లేకుండా అచ్చమైన లినక్స్ ఎక్కించింది. కాబట్టి 'ఈ ముసలి ప్రాణం కొత్త సాఫ్ట్‌వేర్ మోయలేదు' అన్న కంపెనీ డాక్టరు రిపోర్టు తప్పని తేలిపోయింది. మోయగలదు. మోయిస్తే కంపెనీకి ఏం గిట్టదు, అంతే. చిప్పు చేసినవాడు డ్రైవర్లు ఆపేస్తాడు. వాడు ఆపాడని ఫోను చేసినవాడు చేతులెత్తేస్తాడు. ఆ ఎత్తిన చేతులతోనే కొత్త మోడల్ పట్టుకుని మన ముందుకు వస్తాడు.

చచ్చిన ఫోన్లను లేపే ఈ విద్య కొత్తదేం కాదు. 2009లో స్టీవ్ కొండిక్ అనే అమెరికా ప్రోగ్రామర్, మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోనైన హెచ్‌టీసీ డ్రీమ్ మీద మొదలుపెట్టాడు. సయనోజెన్‌మోడ్ అని పేరు. ఆండ్రాయిడ్ మూలకోడ్ ఎవరైనా వాడుకోవచ్చని గూగులే చాటింపు వేసింది. చాటింపు నమ్మి వాడుకున్నవాడికి ఆ ఏడాదే నోటీసు పంపింది: మూలకోడ్ తీసుకో నాయనా, జీమెయిల్, మ్యాప్స్ మాత్రం ముట్టుకోకు. ఈ రోజుకీ కస్టమ్ రోమ్, అంటే బయటివాళ్ళు వండిన సాఫ్ట్‌వేర్, ఒక పొట్లంగా, గ్యాప్స్, అంటే గూగుల్ యాప్‌లు, ఇంకో పొట్లంగా విడివిడిగా ఎక్కించుకోవడం ఆనాటి మర్యాదే. తర్వాత ఆ ప్రాజెక్టు మీద కంపెనీ పెట్టారు. పెట్టుబడులు వచ్చాయి, వాటి వెనకే తగాదాలూ వచ్చాయి. 2016 డిసెంబరులో కంపెనీ దుకాణం కట్టేసింది. రోజుల్లోనే కుర్రాళ్ళు కోడ్ భుజాన వేసుకుని లినేజ్‌ఓఎస్ అని కొత్త బోర్డు పెట్టారు. కోట్లున్న కంపెనీ పోయింది, చేతిలో పైసా లేనిది నిలబడింది. మన వ్యాపార పత్రికలు ఈ కథ మీద ప్రత్యేక సంచిక వేస్తాయని ఎదురుచూడకండి.

'ఫోనే కదా, పోతే పోనీ, ఇంకోటి కొనుక్కో' అంటారు పెద్దమనుషులు. ఫోను సరదా వస్తువుగా ఉన్నన్నాళ్ళు ఆ మాట చెల్లింది. ఇప్పుడది సర్కారు వారి మస్టరు రోలు. ఉపాధి హామీ పనికి 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లోనే హాజరు వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు మేటు ఫొటో తీయాలి, చెరువు గట్టు మీద సిగ్నల్ వెతుక్కుని ఎక్కించాలి. అంగన్‌వాడీ కేంద్రంలో పోషణ్ ట్రాకర్ తెరుచుకోకపోతే పిల్లాడు తిన్నట్టు కాదు, తల్లి వచ్చినట్టు కాదు. ఇంత కట్టుదిట్టం దేనికయ్యా అంటే దొంగ హాజర్లు అరికట్టడానికట. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో వాపోయింది: ఫొటోకే మళ్ళీ ఫొటో తీసి ఎక్కించేస్తున్నారు, పనితో సంబంధంలేని బొమ్మలు ఎక్కించేస్తున్నారు అని. దొంగవాడికి యాప్ చక్కగా ఆడింది. నిజంగా పలుగు పట్టినవాళ్ళ హాజరు వేసే ఫోన్లో మాత్రం గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది.

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా సెల్లు కొట్టు ముందు ఓ గంట నిలబడండి. మేటుగా పనిచేసే ఓ పిన్నికీ, కొట్టు కుర్రాడికీ మధ్య ఈ సంభాషణ వినబడకపోతే అడగండి.

"బావూ, ఈ పోనుకేటయిపోనాదో సూడు. పొటో పడతన్నాది గానీ ఎల్లట్లేదు."

"దీనికిక అప్‌డేట్ రాదు పిన్నీ. పాతదైపోనాది. మార్సీడమే."

"మొన్న పండక్కే కదేటి కాంబో ఏయించినాను?"

"నువ్వేయించింది పైన అద్దానికి. పోయింది లోపల సాఫ్ట్‌వేరు."

"అయితే ఆ సాఫ్ట్‌వేరే కొట్టీ."

"కొట్టొచ్చు. మరి బేంకు యాప్ ఆడదు, నీ ఇష్టం."

"కూలి డబ్బులు పడ్డాయో లేదో మరేటి సూసుకుంతానురా?"

కొట్టు కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు. అద్దాల బీరువాలో పదివేల ఫోను ఉంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. పదివేలంటే ముప్ఫైమూడు రోజుల కూలి. అప్పటి చట్టం హామీ ఇచ్చినదే వంద రోజులు. ఆ వందలో మూడో వంతు, కూలీలు పనికి వచ్చారని రుజువు చేసే యంత్రానికే సమర్పయామి.

ఇక పరిపాలన ఏకంగా వాట్సాప్‌లోకి కాపురం మార్చేసింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' మొదలైంది. ఫోన్లో హాయ్ అంటే చాలు, మొదటి రోజే 161 సేవలు. బావుంది, చప్పట్లు కొడదాం. కానీ దాదాపు నెల ముందు, జనవరి 1న, అదే వాట్సాప్ ఆండ్రాయిడ్ 4.4 ఫోన్ల ముందు తలుపు వేసేసింది. అంటే విశాఖలో ఏ 4.4తో మన ఫోను పుట్టిందో, అదే 4.4తో ఉండిపోయినవాడికి అమరావతి ప్రభుత్వ గుమ్మం కాలిఫోర్నియాలో మూతపడింది. జీవో లేదు, అసెంబ్లీలో చర్చ లేదు, ప్రతిపక్షం వాకౌట్ కూడా లేదు.

సరే, సాఫ్ట్‌వేరే కొట్టిద్దాం అనుకున్నారనుకోండి. ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి. మీ డబ్బుతో మీరు కొన్న ఫోనుకు కంపెనీ వేసుకున్న తాళం అది. తీయండి మహాప్రభో అని అర్జీ పెడితే షావోమి వారు చాలా మోడళ్ళకు 168 గంటలు ఆగమన్నారు. ఆ వారం రోజులు మీరు మనసు మార్చుకోవడానికి. ఈ లోపు ఒక విండోస్ కంప్యూటరు సంపాదించుకోవాలి. తాళం తీసిన క్షణాన ఫోనులో ఉన్నవన్నీ, మనవరాలి అన్నప్రాసన ఫొటోలతో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. శాంసంగ్ వారి ఫోన్లలో తాళం తీసి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లోపల నాక్స్ అనే ఫ్యూజు శాశ్వతంగా కాలిపోతుంది, మళ్ళీ పాతది ఎక్కించుకున్నా మచ్చ పోదు. హువావే 2018లోనే తాళంచెవులు ఇవ్వడం మానుకుంది. శాంసంగ్ కూడా 2025లో వన్ యూఐ 8తో తాళం తీసే మీటనే పీకేసింది. వివో వంటివారు అసలు ఆ మాటే ఎత్తనివ్వరు.

ఇన్నీ దాటి ఫోను లేచి కూర్చుంటే అప్పుడు వస్తాడు అసలు తనిఖీదారు. గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ. బ్యాంకు యాప్ తెరవగానే 'ఈ ఫోను నమ్మదగినదేనా సార్?' అని ఇతన్ని అడుగుతుంది. ఇతను ముఖ్యంగా చూసేది తాళం, ముద్ర. 2019 తర్వాత ఒక్క సెక్యూరిటీ ప్యాచ్ కూడా పడని ఫోను, లోకంలో దొంగలందరికీ తెలిసిన కన్నాలన్నీ తెరుచుకుని ఉన్న ఫోను, కంపెనీ తాళంతో వచ్చిందా? దయచేయండి. నెలనెలా ప్యాచ్ వేసుకుంటున్న లినేజ్‌ఓఎస్ ఫోనా? దొంగ, బయటికి నడు. 2025లో గూగుల్ కాస్త సిగ్గుపడి, తన పరీక్షలో పై తరగతి పాసవ్వాలంటే ఏడాది లోపు ప్యాచ్ ఉండాలంది. అదీ ఆండ్రాయిడ్ 13, ఆ పై ఫోన్లకే. పాత ఫోన్లను ఆ ప్రశ్నే అడగరు. ముసలివాళ్ళ రోగాలు అడిగితే మందివ్వాల్సి వస్తుందని కాబోలు.

తాళం తీసిన ఫోను దొంగ చేతిలో పడితే ప్రమాదమన్నది నిజమే. ఎవడో ఏ టెలిగ్రామ్ గుంపులోనో పడేసిన జిప్పు ఫైలు ఎక్కించుకుంటే అందులో ఏముందో దేవుడికే ఎరుక. కానీ ప్రమాదమే కొలమానమైతే ప్యాచ్ తేదీ అడగాలి కదా? వీళ్ళడిగేది కులగోత్రాలు. ఆ గోత్రకర్త ఇప్పుడు మన పక్కింటికే వస్తున్నాడు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో డేటా సెంటరు కోసం ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. రావాలి, మహా సంతోషం. భోగాపురం దాకా ఎర్ర తివాచీ పరుస్తాం. ఆ డేటా సెంటరుకు మన భూమి పనికొచ్చింది, మన నీళ్ళు పనికొచ్చాయి, మన కరెంటు పనికొచ్చింది. పిన్ని ఫోను మాత్రం నమ్మకానికి పనికిరాలేదు.

ఇంతమందిని అన్నాక మన రోమ్ వీరులను వదిలేస్తే పక్షపాతం అవుతుంది. రాజాం, టెక్కలి, చింతలవలస హాస్టళ్ళలో రాత్రి రెండింటికి వారానికో రోమ్ కొట్టే ఈ మేధావులు, పొద్దున్నకల్లా పాతికసార్లు స్క్రీన్‌షాట్ పెట్టి 'బటర్ స్మూత్' అంటారు. కెమెరా ఏది బాబూ అంటే 'నెక్స్ట్ బిల్డ్‌లో'. 4జీ మీద మాటను మోసే వోల్టీ పని చేయక జియో సిమ్ములో మాట వినబడదు, ఎందుకంటే జియోకు వెనక్కి తగ్గడానికి 2జీ, 3జీ లేవు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఫోను కొత్తదైంది, ఫోన్ చేయడం పోయింది. ఐఎంఈఐ బ్యాకప్ తీయకుండా చెరిపేసుకున్న శూరులూ ఉన్నారు. నాయనలారా, మీ విద్య గొప్పదే. కానీ ఊళ్ళో అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో పది వాక్యాలు ఎవరైనా రాశారా? కొట్టులో కూర్చునే కుర్రాడికి నేర్పారా? మీ అమ్మ ఫోను హ్యాంగవుతుంటే మీరు చేసిందేమిటి? ఈఎంఐలో కొత్తది కొనిచ్చారు.

స్వదేశీ వీరుల సంగతి కూడా చూద్దాం. 2023 జనవరిలో ఐఐటీ మద్రాసు నీడలో పుట్టిన భారోస్ అనే ఫోను సాఫ్ట్‌వేర్‌ను కేంద్ర మంత్రులు చేత్తో పట్టుకుని పరీక్షించారు. లోపల చూస్తే ఆండ్రాయిడ్ మూలకోడే. అత్త సొమ్ము అల్లుడు దానం. అందులో తప్పు లేదు, లినేజ్‌ఓఎస్ చేసేదీ అదే. తేడా ఒక్కటే: మంత్రి చేతిలో అది ఆత్మనిర్భరత, పిన్ని చేతిలో అదే భద్రతా ఉల్లంఘన.

కావలసింది మహా విప్లవమేం కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన నడుస్తోంది: ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్ళు దానికి అప్‌డేట్లు ఇవ్వాలి. అవే కంపెనీలు, అవే చిప్పులు. పారిస్‌లో ఉన్న ఫోనుకు చట్టం ఆయుష్షు పోసింది, పలాసలో ఉన్నదాన్ని కంపెనీ దయకు వదిలేసింది. మన దగ్గర 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచారు. స్క్రూలు, సర్వీసు సెంటర్ల సమాచారం అందులో దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ ఆయుష్షు పెంచే చట్టం దొరకదు. ఇకనైనా రాయండి: అప్‌డేట్లు ఆపిన రోజున కంపెనీ తాళంచెవి, డ్రైవర్లు జనానికి అప్పగించాలి. బ్యాంకు యాప్ ప్యాచ్ తేదీ చూడాలి. సర్కారు తప్పనిసరి చేసిన ప్రతి యాప్ పదేళ్ళ ఫోనులో ఆడాలి, ఆడనినాడు కాగితం మస్టరు చెల్లాలి.

ఇవేవీ కుదరవంటారా? అయితే దానికి స్మార్ట్‌ఫోను పన్ను అని పేరు పెట్టి బహిరంగంగా వసూలు చేయండి. పన్నుకైతే రసీదు ఇవ్వాలి. పెంచాలంటే సభలో చర్చ పెట్టాలి. ఎంత వచ్చిందో ఎటు పోయిందో కాగ్‌కు లెక్క చెప్పాలి. ఇప్పుడు ఈ మూడు బాధలూ లేకుండానే వసూలవుతోంది.