పన్నెండో రెప్పు ముహూర్తం

హోసూరులో నేను వెళ్లే జిమ్ము గోడకు ఒక పంచాంగం వేలాడుతుంది. తిథి, వారం, నక్షత్రం ఉండవు. ఒక సెట్టులో బరువు ఎన్నిసార్లు ఎత్తాలో ఆ రెప్పుల లెక్క ఉంటుంది. 1 నుంచి 5 రెప్పులు: బలం. 8 నుంచి 12: కండ. 15, ఆపైన: కటింగ్, అంటే ఒళ్లు కరగడం. మరి 6, 7, 13, 14 ఏ పాపం చేశాయని అడిగాను. "ఏడు చెయ్యకూడదన్నా, వేస్టు" అన్నాడు ట్రైనరు, అమావాస్య పూట ప్రయాణం పెట్టుకున్నవాణ్ణి చూసినట్టు చూసి.

మొన్న సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగివచ్చిన కుర్రాడొకడు డంబెల్ ఎత్తుతున్నాడు. చొక్కా తడవలేదు, ఊపిరి మారలేదు. ట్రైనరు "పన్నిరెండు" అన్నాడు. పక్కనున్న కన్నడ స్నేహితుడు "హన్నెరడు" అన్నాడు. వీడు "పన్నెండు" అని ఠక్కున దించేశాడు.

"ఇంకో పది లాగేట్టున్నావు కదా తమ్ముడూ?"

"వద్దన్నా, కటింగ్ అయిపోతుంది. మూడు నెలలు గుడ్లు తిని పెంచింది."

మూడు భాషల ఊళ్లో పుట్టినా ఆ కండకు ఒక్క భాషలోనూ ఒంట్లు రావు. ఇక నావల్ల కాదు అనే అంచుదాకా తెచ్చారా లేదా, దాని లెక్క అంతే. ఆ సాయంత్రం దాన్ని ఎవరూ నిద్ర కూడా లేపలేదు. ఫొటో మాత్రం దిగింది.

8 నుంచి 12 అన్న ఆ గడి నడుమ కూర్చున్న పదికీ ఓ పుట్టుక ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న సైనికులకు బరువులతో వైద్యం చేసిన అమెరికా ఆర్మీ డాక్టరు థామస్ డిలోర్మ్ 1948 నాటికి మూడు సెట్లు, సెట్టుకు పది అని కుదిర్చాడు. పదిసార్లకు మించి ఎత్తలేని బరువేదో ముందు తేల్చుకోవాలి. మొదటి సెట్టు అందులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది మొత్తంతో. 'మించి ఎత్తలేని' అన్న ముక్క దారిలో సముద్రంలో పడిపోయింది. పది ఒక్కటే ఈదుకుంటూ మన ఒడ్డుకొచ్చింది.

2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు, బరువులు అలవాటున్న 49 మంది యువకుల చేత 12 వారాలు చేయించారు. ఒక జట్టుకు 20 నుంచి 25, ఇంకో జట్టుకు 8 నుంచి 12. రెండు జట్లూ చేతులెత్తేసేదాకా. కండ ఇంచుమించు ఒకేలా పెరిగింది. అంతకు రెండేళ్ల ముందు షోన్‌ఫెల్డ్ అనే పరిశోధకుడి బృందం మూడేసి రెప్పులతో ఏడు సెట్లు, పదేసితో మూడు సెట్లు పోల్చింది. కండలో తేడా లేదు. మొదటివాళ్లకు 70 నిమిషాలు పట్టింది, రెండోవాళ్లకు 17. పదికి మహిమ లేదుగానీ పొదుపుంది, ఒప్పుకుంటాను. ఎవరెంత బరువెత్తగలరన్న పందెంలో పెద్ద బరువుదే పైచేయి, అదీ ఒప్పుకుంటాను. మరీ దూదిలాంటి బరువైతే కండ అంతగా పెరగదు.

కృష్ణగిరిలో మామిడి సీజన్లో తోతాపురి క్రేట్లు లారీకెక్కించే మనిషి, పన్నెండో క్రేటు దించి "సెట్టయింది మేస్త్రీ, ఇంకొకటెత్తితే కరిగిపోతా" అంటే ఏమవుతుందో చూడాలనుంది.

ఇదంతా ట్రైనరుకు విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వారం తిరక్కుండా గోడకు కొత్త కాగితం ఎక్కింది: '5 నుంచి 30. సైంటిఫిక్ బ్యాచ్. ఫీజు వేరే.'