వెండి సూత్రానికి టీక

మూలం: "వెండి కంటికి అందం, ఇంటికి ఆపద్ధనం, కాగితం చెల్లని కాలంలో నాణెమే నారాయణుడు."

మూలకర్త మా పేటలో అందరికీ తెలిసినవారే కనుక పేరు చెప్పం. విజయవాడ వన్‌టౌన్‌లో కొన్న వెండి బిళ్ళలూ బార్లూ నీలం మఖమల్ పెట్టెల్లో సర్ది, తెల్ల గ్లౌజులు తొడుక్కుని, కాఫీకి ముందు చూపిస్తారు. కాఫీ అయ్యాక పై సూత్రం వినిపిస్తారు. ఇంతటి వాక్యానికి ఇంతవరకూ టీక లేకపోవడం లోటు. కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యానాలు రాశాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం పాటిస్తే ఈ టీకే ఉండదు.

వెండి: సులభం. వదిలేస్తున్నాం.

కంటికి: ఇక్కడ ఆగాలి. కంటికీ వెండికీ మన శాస్త్రాల్లో పాత తగాదా ఉంది. భ్రాంతి మాట వచ్చినప్పుడల్లా అద్వైతులు తాడునీ పామునీ తెస్తారు. వాటి వెనకే ముత్యపుచిప్పలో వెండినీ తెస్తారు. మంగినపూడి ఇసుకలో చిప్ప తళుక్కుమంది, ఒకడు వెండి అనుకుని వంగాడు. వంగేదాకా ఉండి, వంగాక లేకుండా పోయిన ఆ వెండి ఏమిటి? ప్రాభాకర మీమాంసకుడు అసలు తప్పే జరగలేదంటాడు: ఎదురుగా 'ఇది' కనబడింది, ఎప్పటిదో వెండి గుర్తొచ్చింది, రెండూ వేరని వీడు గమనించుకోలేదు, అంతే. ఇది అఖ్యాతి. నైయాయికుడు ఒప్పుకోడు. వెండి నిజమైనదే, కాకపోతే బీసెంట్ రోడ్డు కొట్లో ఉన్నది ఇక్కడ కనబడిందంటాడు. ఇది అన్యథాఖ్యాతి. యోగాచార బౌద్ధుడు వెండి బయట ఎక్కడా లేదు, బుద్ధిలోనే ఉందంటాడు. ఆఖరున అద్వైతి వచ్చి, ఉందనీ అనలేం, లేదనీ అనలేం, కనిపించినంతసేపే దాని బతుకని తీర్పు చెబుతాడు. వందల ఏళ్ళు సాగిన ఈ వాదంలో ఏ పక్షంవాడూ ఆ వెండితో మట్టెలు చేయించలేదు. వాదం ముగిసిందనీ అనలేం. 2022 నుంచి మన దేశంలో ఫోనులోనే కొనుక్కోగల ఈటీఎఫ్ వెండి వచ్చింది కదా, దానితో నైయాయికుడికి కొత్త బలం చేకూరింది: వెండి నిజమే, ఎవరిదో ఖజానాలో ఉంది, నీకు తెర మీద కనబడుతోంది. మూలకర్త కుమారుడు ఈ పక్షం. తండ్రీకొడుకుల మధ్య భోజనాల దగ్గర జరిగే వాదాన్ని గంగేశోపాధ్యాయుడు వింటే సంతోషించేవాడు.

సూత్రం ఎక్కడ వదిలాం? ఆఁ, అందం.

విక్టోరియా రాణి బొమ్మ రూపాయి అందమైనదే, కాదనం. తులం బరువు, అంటే 11.66 గ్రాములు, పన్నెండు పాళ్ళలో పదకొండు వెండి. యుద్ధకాలంలో, 1940లో, అందులో వెండిని సగానికి దించారు. 1947కల్లా రూపాయి నికెల్ అయిపోయింది. సాక్షాత్తూ సర్కారుకే ఆపద వచ్చినప్పుడు అది చేసిన పని నాణెంలోంచి వెండి లాగేసుకోవడం. ఇక బారులో అందమేమిటో మాకు అందలేదు. 999 అని ముద్ర, కింద ఒక నంబరు. సబ్బుబిళ్ళకైనా వాసన ఉంటుంది.

ఇంటికి ఆపద్ధనం: ఎవరి ధనం, ఏ ఆపద? యాజ్ఞవల్క్యుడు దీన్ని తేల్చి చెప్పాడు. స్త్రీధనాన్ని భర్త వాడుకుని తిరిగి ఇవ్వనక్కరలేని సందర్భాలు నాలుగే: కరువు, ధర్మకార్యం, రోగం, నిర్బంధం. ఆ వెసులుబాటు కూడా భర్తకే తప్ప మిగతా దాయాదులకు లేదని మితాక్షర. డాలరు కూలుతుందేమోనన్న బెంగ ఈ నాలుగింటిలో లేదు. మామగారి ప్రస్తావన అసలే లేదు. మరి మూలకర్త తన కోడలి పట్టీలూ, ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన కడియాలూ కరిగించి అరకిలో బారు చేయించడం ఏ స్మృతి ప్రకారం? పాత వెండిలో కల్తీ ఉంటుందట. తరుగు పోయింది, కొత్త బారు మీద మూడు శాతం జీఎస్టీ పడింది, కాళ్ళు బోసిపోయాయి. డెల్టాలో నాట్లకు కూలి డబ్బులు లేనప్పుడు ఇలాంటి కడియాలే తాకట్టుకు వెళ్ళేవి, కోతలయ్యాక వీలైతే తిరిగొచ్చేవి. ఆ ఆడవాళ్ళెవరూ గ్లౌజులు తొడుక్కుని సూత్రాలు చెప్పలేదు.

కాగితం చెల్లని కాలంలో: పూర్వపక్షం, 2016 నవంబరు 8. చలామణీలో ఉన్న సొమ్ములో 86 శాతం ఆ రాత్రి చెల్లకుండా పోయింది. నిజమే. ఆ వారం మా పేటలో బియ్యం పచారీ కొట్టు ఖాతా మీద వచ్చాయి. మూలకర్త ఇంటికీ అలాగే వచ్చాయి. బిళ్ళ ఒక్కటీ పెట్టె దాటలేదు.

ఇంకో ఆపద, 2024 సెప్టెంబరు 1. బుడమేరు కట్టలు తెగి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి మునుపెన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అప్పుడు కిలో వెండి లక్షలోపే. విక్టోరియా బిళ్ళలో సుమారు తొమ్మిది వందల రూపాయల వెండి. పీకల్లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు తెచ్చిన కుర్రాడు దాన్ని గీటురాయి మీద గీసి, తూచి, చిల్లర ఎక్కడి నుంచి తేవాలి? డాబా మీదున్నవాళ్ళు ఆకాశంలో డ్రోనుకేసి చూశారు. డ్రోను వెండి అడగలేదు. ఆ తర్వాత బుడమేరు పూడిక తీయించమని అర్జీ రాసి సంతకానికి వెళితే, "ఇవన్నీ మనవల్ల అయ్యేవా అండీ" అంటూ మూలకర్త కొత్త బారు చూపించారు. కాఫీ కూడా ఇచ్చారు, అది బాగుంది.

నాణెమే నారాయణుడు: దీనికి ప్రమాణం కృష్ణకు ఆవలి ఒడ్డున ఉంది. అమరావతిలో వేలకొద్దీ విద్ధాంక వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా వాటిని పరిశీలించి రాసిన గ్రంథం 1963లో అచ్చయింది. రెండు వేల ఏళ్ళ కిందట ఎవరో ఆపదకని దాచుకున్న సొమ్మే కావచ్చు. ఆపద రానే వచ్చి ఉంటుంది. దాచినవాడు తవ్వుకోవడానికి రాలేదు, అందుకే మనకు దొరికాయి. దాచిన వెండి పనికొచ్చినచోట పురావస్తుశాఖకు మిగిలేది ఖాళీ కుండే.

తాత్పర్యం: కోడలి పట్టీలూ కడియాలూ మునుపటి తూకానికే మళ్ళీ చేయించి ఇవ్వాలి. మజూరీ, తరుగు, జీఎస్టీ మూలకర్తవే.