గొబ్బిపద్యం: టీకా, తాత్పర్యం, కొంచెం పేడ

అవతారిక

సూర్యుడు ధనూరాశిలో అడుగుపెట్టిన డిసెంబరు 16 మొదలు మకరరాశికి మారే జనవరి 14 దాకా, ఒకరోజు అటూ ఇటూగా, తెలుగు వాకిళ్ళన్నీ ఆడవాళ్ళ ఏలుబడిలో ఉంటాయి. ఆ రాజ్యంలో మగపిల్లలు వెట్టివాళ్ళు. అటువంటి ఒక వేకువజామున ముసుగుతన్ని పడుకున్న మనవడిని లేపుతూ, కళ్ళాపి చెంబు చేత్తో పట్టుకునే, ఒక బామ్మగారు ఆశువుగా చెప్పిన పద్యం ఇది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కొలచారం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల ముందు మాట ఇచ్చాడు. మా దగ్గర అంత నిగ్రహం లేదని ముందే మనవి చేస్తున్నాం.

మూలం

ఆ. పేడ ముద్ద తెచ్చి పెరటి గుమ్మడి పూలు
గరిక పోచ రేగికాయ కలిపి
ముగ్గు నడుమ నిలుపు ముద్దు గొబ్బెమ్మల
బంతి లేదటన్న పక్క దొడ్డి

ప్రతిపదార్థం

(ఓ మనవడా! అని సంబోధన తెచ్చుకోవాలి. నిద్ర లేవనివాడిని గౌరవంగా పిలవడం దండగని బామ్మగారు వదిలేశారు.) పేడ ముద్ద = ఆవుపేడను ముద్దగా; తెచ్చి = నీ చేతులతోనే తెచ్చి; పెరటి గుమ్మడి పూలు = పెరట్లో పెంటకుప్ప మీదికి పాకిన గుమ్మడిపాదు పూలను; గరిక పోచ = గట్టున మొలిచిన గరికను; రేగికాయ = ముళ్ళకంపలో కాసిన రేగికాయలను; కలిపి = జతచేసి; ముగ్గు నడుమ = మీ అక్క వేసిన ముగ్గును తొక్కకుండా దాని మధ్యలో; ముద్దు గొబ్బెమ్మల = చూడముచ్చటైన గొబ్బెమ్మలను; నిలుపు = వంకర పోకుండా నిలబెట్టు; బంతి = బంతిపూలు; లేదటన్న = మనింట్లో లేవంటావా; పక్క దొడ్డి = పక్కింటివారి దొడ్డి. (క్రియ లేదు. దీనిమీద కావలసినంత రగడ ఉంది. కింద చూడండి.)

తాత్పర్యం

లేరా.

విశేషాలు

పేడ: పద్యానికి ఇదే మంగళాచరణం. పచ్చిమేత ఎక్కువగా మేసిన ఆవు పేడ జారుగా ఉంటుంది. దానితో చేసిన గొబ్బెమ్మ కూర్చోదు, పరుచుకుంటుంది. ధనుర్మాసం వచ్చేసరికి సార్వా కోతలు అయిపోయి పశువులు ఎండుగడ్డికి మళ్ళుతాయి, పేడ గట్టిపడుతుంది. ఈ పండగను ఈ నెలలో పెట్టిన మహానుభావుడికి జ్యోతిషంతోపాటు పశువుల మేత కూడా తెలుసునని మా ఊహ. ఇక ధర్మసూక్ష్మం: కొట్టంలో పడిన పేడ ఆవుగలవారిది, వీధిలో పడినది ముందు చేరినవారిది. బామ్మగారు తెల్లవారకముందే లేపడానికి ఇది మొదటి హేతువు.

గుమ్మడి పూలు: రెండో హేతువు ఇక్కడుంది. గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. తొమ్మిదింటికి లేచేవాడికి మిగిలేది ముడుచుకున్న పొట్లమే.

పాదు దగ్గరికి వెళ్ళాక ఏ పువ్వు కొయ్యాలన్నది అసలు పరీక్ష. గుమ్మడిలో మగపూలూ ఆడపూలూ వేరు వేరు. ఆడపువ్వు కింద గోళీకాయంత పిందె అప్పటికే ఉంటుంది. దాన్ని కోస్తే ముందు ముందు దప్పళంలోకి రావలసిన కాయను నేడే వాకిట్లో పారేసినట్టు. మగపువ్వుకు పిందె ఉండదు, సన్నని పొడుగాటి కాడ ఉంటుంది. పేడ ముద్దను పిడికిట్లో పట్టేంత చేసి, అడుగు చదునుగా నొక్కి, నెత్తిన బొటనవేలితో చిన్న గుంట పెడతారు. పసుపు, కుంకుమ అద్దాక ఆ గుంటలో దిగబడి నిలిచేది ఈ పొడుగు కాడే. పిందె ఉన్న పువ్వు నిలవదు, పక్కకు ఒరిగిపోతుంది. వంటింటికి పనికొచ్చేది గొబ్బెమ్మకు పనికిరాదు, గొబ్బెమ్మకు పనికొచ్చేది వంటింటికి అక్కరలేదు. ఇంత చక్కని కట్టడి ఏ స్మృతికర్తా రాయలేదు. అలాగని మగపూలన్నీ దులిపేసుకోకూడదు. నాలుగైనా పాదున వదలాలి. లేకపోతే తేనెటీగ పుప్పొడి తేవడానికి చోటుండదు, పిందె నిలవదు.

గరిక, రేగికాయ: గరికను పీకరు, తుంచుతారు. వేరు నేలలో ఉంటే గట్టు మళ్ళీ పచ్చబడుతుంది. రేగుకు ప్రతి కణుపు దగ్గరా జంట ముళ్ళు: ఒకటి తిన్నగా, ఒకటి కొక్కెంలా. తిన్నటి ముల్లు లోపలికి పోయే చేతిని గుచ్చుతుంది, కొక్కెం వెనక్కి వచ్చే చొక్కాను పట్టుకుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు కొమ్మను కర్రతో తట్టి కింద రాలినవే ఏరుకుంటారు. అవే భోగినాడు పిల్లల తలమీద పోసే భోగిపళ్ళు. తెలంగాణ వాకిళ్ళలో సానుపు చల్లి ముగ్గేశాక గొబ్బెమ్మ మీద గరికతోపాటు తెల్లటి పిండికూర పూలూ, నవధాన్యాలూ కూడా కనిపిస్తాయి. బామ్మగారిది గోదావరి పక్క కనుక వాటిని చెప్పలేదు. లోపంగా ఎంచరాదు.

చారిత్రక విశేషం: అన్నమాచార్యులు (1408–1503) గొబ్బిపాట కట్టేనాటికి ఈ తియ్యగుమ్మడీ, ఈ బంతీ తెలుగునేల చేరలేదు. రెండింటికీ పుట్టిల్లు అమెరికా ఖండం. సముద్రం మీద ఓడల రాకపోకలు మొదలయ్యాకే ఇటు వచ్చాయి. పద్యంలో పాతకాపులు పేడ, గరిక, రేగు మాత్రమే. మన సంప్రదాయం కొత్తవాళ్ళను తీసుకొచ్చి నెత్తినే పెట్టుకుందన్నమాట.

పాఠాంతరాలు

న్యూజెర్సీ ప్రతిలో మొదటి పాదం "మట్టి ముద్ద తెచ్చి" అని ఉంది. అర్థం కుదిరింది, యతి చెడింది. "పిండి ముద్ద తెచ్చి" అని సవరిస్తే యతి నిలుస్తుంది. అక్కడి తెలుగు ఇళ్ళలో పిండి ముద్దలతో గొబ్బెమ్మలు చేసేవారు ఎలాగూ ఉన్నారు గనుక ఈ సవరణ గ్రాహ్యమే. అయితే జనవరి మంచులో పెరటి గుమ్మడి పువ్వు ఎక్కడిది? పువ్వు పుట్టింటివారి ఖండంలోనే పువ్వుకు కరువు వచ్చింది.

హైదరాబాదు అపార్ట్‌మెంటు ప్రతిలో నాలుగో పాదం చివర "పక్క షాపు" అని పాఠం. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది. ఛందస్సు వేలెత్తి చూపలేదు. కాని షాపు అనేసరికి మొదటి మూడు పాదాలకు పనిలేదు. పేడ పిడకలతో సహా అన్నీ ప్యాకెట్లలోనే వస్తాయి కదా. ఒక్క మాటతో పద్యమంతా కూలిపోయే పాఠాన్ని పండితులు ఒప్పుకోరు.

నాలుగో పాదం మీద వాదం

"పక్క దొడ్డి" తరువాత ఏ క్రియ తెచ్చుకోవాలి? వీధి కుర్రవాళ్ళ సంప్రదాయం "దూరు" అంటుంది. గోడ పొట్టిగా ఉండటం వీరికి ప్రమాణం. దొడ్డి యజమానుల సంప్రదాయం "చూడు" అంటుంది, అంటే చూసి రమ్మని, కొయ్యమని కాదు. ఈ రెండూ పూర్వపక్షాలు.

"అడుగు" అన్నదే సిద్ధాంతం. ఎందుకంటే మిగతా వస్తువులన్నీ అడవివి, గట్టువి, వీధివి, లేదా మన పెరటివి. ఒక్క బంతే ఒకరు నాటి, నీళ్ళు పోసి పెంచినది. అందుకే కవయిత్రి దాన్ని జాబితాలో కలపకుండా వేరే పాదంలో పెట్టింది. పైగా పొద్దున్నే తలుపు తట్టి "పిన్నిగారూ, రెండు బంతిపూలు కోసుకోమంటారా" అని అడిగితే, పువ్వులతోపాటు వాళ్ళ ముగ్గు ఎన్ని చుక్కలదో కూడా తెలిసి వస్తుంది. బామ్మగారికి కావలసింది ఆ వార్త కూడానని మా అనుమానం.

ఛందోలంకార రసాలు

ఛందస్సు ఆటవెలది. యతులు పే-పె, గ-కా, ము-ము, బ-ప. అలంకారం స్వభావోక్తి. రసం విషయంలో జాగ్రత్త కావాలి. మొదటి పదం దగ్గర మనవడికి బీభత్సం. దానికి స్థాయి జుగుప్స. అది చేయి పేడలో పెట్టేవరకే ఉంటుంది, పెట్టాక తీయబుద్ధి కాదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని పాటించిన ఇంట ఏదీ వృథా పోదు. మర్నాడు గొబ్బెమ్మల మీది పూలు తీసి, పేడను పిడకలుగా గోడకు చరుస్తారు. ఎండినవి కొన్ని భోగిమంటలోకి, కొన్ని రథసప్తమినాడు సూర్యుడికి వండే పరమాన్నం కిందికి పోతాయి. ఏరుకున్నదాంట్లో దేని వేరూ తెగలేదు, ఏ పిందే రాలలేదు. ఖర్చల్లా ఒక మనవడి నిద్ర.

పాఠకులకు మనవి: ఈ ధనుర్మాసంలో పాదు దగ్గరికి వెళ్తే కాడ చూసి కొయ్యండి, పిందె ఉంటే వదిలేయండి. బంతి మాత్రం అడిగే కోయండి.