ప్లగ్గు గుచ్చు శకటం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

బెంగళూరుకు దక్షిణాన, ఆనేకల్ తాలూకాలో, గ్రానైటు కోసే యంత్రాల రొదకూ బన్నేరుఘట్ట అడవికీ నడుమ జిగణి అనే పారిశ్రామిక క్షేత్రం కలదు. అక్కడ కాపురముంటున్న తెలుగు కుటుంబం పాత కారు అమ్మి పెద్ద బండి కొనబోయినప్పుడు ఒక ధర్మసంకటం పుడుతుంది. పెట్రోలుది కొంటే రోజూ ఖర్చు, కరెంటుది కొంటే పండక్కి ఊరెళ్ళేటప్పుడు దిగులు. ఈ రెంటి నడుమ ఊగిసలాడే ఒకానొక గృహస్థు నోట వెలువడిన ఈ ఆటవెలదికి ఇంతవరకూ వ్యాఖ్యానం లేకపోవడం ఆంధ్ర వాఙ్మయానికి తీరని లోటు. ఆ లోటును పూరించడమే ఈ ప్రయత్నం.

మూలం

ఎనిమిదైన సీట్లు నింజనున్ బ్యాటరీ
కలిసియున్న బండి కలదె చెపుమ
ప్లగ్గు గుచ్చ రాత్రి, పగలెల్ల పరుగిడు
జిగణి వారికెల్ల చింత తీర.

ప్రతిపదార్థం

ఎనిమిదైన సీట్లును = అత్తమామలు, మేనత్త, పిల్లలతో సహా ఎనమండుగురు కూర్చోదగిన ఆసనములును; ఇంజనున్ = పెట్రోలు తాగునదియు; బ్యాటరీ = కరెంటు తాగునదియు; కలిసియున్న బండి = ఈ మూడును ఒక్కచోట అమరిన శకటము; కలదె చెపుమ = ఉన్నదా, ఓ షోరూము కుర్రవాడా, దాచక చెప్పుము; రాత్రి ప్లగ్గు గుచ్చన్ = రాత్రివేళ సాకెట్టులో ప్లగ్గు పెట్టగా; పగలెల్ల పరుగిడు = పొద్దస్తమానమూ పరుగెత్తునట్టి; జిగణి వారికి ఎల్లన్ = జిగణి నివాసులందరికిని; చింత తీరన్ = పెట్రోలు బాధ తొలగునట్లుగా (ఈఎంఐ బాధ తొలగుట కవి హృదయము కాదు).

టీక

"కలదె చెపుమ" అన్న ప్రశ్నకు ముందుగా జవాబు. సీట్ల లెక్క పక్కన పెడితే కలదు, కానీ ఇక్కడ లేదు. ఇంజనూ, ప్లగ్గు పెట్టి ఛార్జి చేసుకునే బ్యాటరీ కలిసి ఉన్నదాన్ని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారు. మన దేశానికి వచ్చినవన్నీ శ్రీమంతుల బళ్ళే. 2015లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ8 ప్లగ్-ఇన్ హైబ్రిడ్డే, అయితే అందులో మేనత్తకు చోటు లేదు. కుటుంబమంతా ఎక్కే మినీవ్యాను కావాలంటే సముద్రం దాటాలి. చైనాలో డెంజా డి9 ఉంది. జపాన్‌లో టొయోటా ఆల్ఫార్డ్, వెల్‌ఫైర్‌లకు 2025 ఆరంభంలో ప్లగ్గు రూపం వచ్చింది. ఒక్క ఛార్జికి 73 కి.మీ. కరెంటు మీదే నడుస్తుందని కంపెనీ లెక్క. మన దేశంలో అమ్మే వెల్‌ఫైర్ కోటి పైచిలుకు పోసినా ప్లగ్గు లేని హైబ్రిడ్డే.

ఈ జాతిలో అమెరికా తెలుగువారికి పరిచయమైనది క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్. కెనడాలోని విండ్సర్‌లో తయారై, 2017 మోడలుగా బయటికొచ్చింది. 3.6 లీటర్ల వీ6 ఇంజను, 16 యూనిట్లు పట్టే బ్యాటరీ. అమెరికా ప్రభుత్వ కొలత ప్రకారం ఒక్క ఛార్జికి కరెంటు మీద 32 మైళ్ళు, అనగా 51 కి.మీ. పోతుంది. ఆ తరువాత పెట్రోలు మీద లీటరుకు పదమూడు కి.మీ. లోపు.

"ఎనిమిదైన సీట్లు" అన్నచోట పసిఫికా మొదటి పరీక్షలోనే తప్పుతుంది. దానికి ఏడే సీట్లు. మామూలు పసిఫికాలో నడిమి వరుస సీట్లు మడిచి నేలలోకి దించేయవచ్చు. హైబ్రిడ్‌లో ఆ గుంటలను బ్యాటరీ ఆక్రమించింది. పైగా బండి అయిదు మీటర్లకు మించి పొడవు, రెండు మీటర్లకు మించి వెడల్పు. జిగణి అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో ఇలాంటిది దించడమంటే పక్క ఫ్లాటు వాళ్ళతో శాశ్వత వైరం. స్టీరింగు ఎడమవైపే రావడం వేరే కథ.

"ప్లగ్గు గుచ్చ రాత్రి" అనే మూడో పాదమే ఈ పద్యానికి ప్రాణం. బ్యాటరీ ఖాళీ అయిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అదనపు బరువు మోసే మామూలు హైబ్రిడ్డే, కనుక దాని గుణమంతా రాత్రి గుచ్చే ప్లగ్గులోనే ఉంది. ఇది ఊహ కాదు. ఐరోపాలో బళ్ళలోని మీటర్ల లెక్కలను కూడగట్టి యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కాగితం మీద చూపిన దానికి దాదాపు మూడున్నర రెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని తేలింది. అనుకున్నంత తరచుగా వాటిని ఛార్జి చేయకపోవడమే ముఖ్య కారణమని అందులోనే ఉంది. గరాజులున్న దేశాల్లోనే ఇలా ఉంటే, బేస్‌మెంటులో సాకెట్టు కోసం అసోసియేషన్ మీటింగులో చెయ్యెత్తాల్సిన జిగణి గృహస్థు గతి ఏమి?

పూర్వపక్షం

"రోజువారీ లెక్క చూడండి, అప్పుడు తెలుస్తుంది" అని ఒక వాది. చూద్దాం. జిగణి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్ళి రావడానికి ముప్పై కి.మీ., యూనిటు ఏడు రూపాయలు, పెట్రోలు లీటరు 103 అనుకుందాం. పసిఫికా ఆ దూరాన్ని దాదాపు ఎనిమిది యూనిట్లలో, అంటే యాభై అయిదు రూపాయల్లో ముగిస్తుంది. లీటరుకు పదహారు ఇచ్చే ప్లగ్గు లేని హైబ్రిడ్‌కు నూట తొంభై పైన అవుతుంది. వాది గెలిచినట్టే కనబడుతున్నాడు.

ఇప్పుడు తిరుపతి. రెండువందల యాభై కి.మీ. అనుకుందాం. పసిఫికాకు మొదటి 51 కి.మీ. కరెంటు, మిగతా రెండువందలు పెట్రోలు. వెరసి సుమారు పదిహేడు వందల రూపాయలు. ప్లగ్గు లేని హైబ్రిడ్‌కు పదహారు వందలు. తిరుపతి చేరకముందే వాది మౌనం వహిస్తాడు.

ఇంకొక చిక్కు. 2025 ఆగస్టు 10న మెట్రో పసుపు మార్గం ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా తెరుచుకుంది. జిగణి లింకు రోడ్డు మీదుగా బొమ్మసంద్ర చేరి రైలెక్కేవారికి, ప్లగ్గు బండి బాగా ఆదా చేసే ఆ పొట్టి ప్రయాణమే తగ్గిపోతుంది.

విశేషాంశాలు

ఒకటి, రక్షణ. 2022 ఫిబ్రవరిలో 2017, 2018 మోడళ్ళ పసిఫికా హైబ్రిడ్లను దాదాపు ఇరవై వేలు వెనక్కి పిలిచారు. మంటలు రేగే ప్రమాదం ఉన్నందున బండిని ఛార్జి చేయవద్దు, ఆరుబయట, ఇళ్ళకూ ఇతర వాహనాలకూ దూరంగా నిలపండి అని కంపెనీ చెప్పింది. బేస్‌మెంటు వాసులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవలెను.

రెండు, పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద హైబ్రిడ్ కారు మీద జీఎస్టీ 40 శాతం, పూర్తి కరెంటు కారు మీద 5 శాతం. ప్లగ్గు ఉన్న హైబ్రిడ్డూ 40 లెక్కలోకే వస్తుంది. కంపెనీలు ఆ బండిని ఇక్కడికి తేవడానికి తొందరపడకపోవడంలో వింత లేదు.

మూడు, ఇంటి పక్కనున్నది. జిగణి నుంచి నైస్ రోడ్డెక్కి మైసూరు రోడ్డు పడితే బిడది. టొయోటా 2022 నవంబరులో ఆవిష్కరించిన ఇన్నోవా హైక్రాస్ అక్కడే తయారవుతుంది. 2023 జూలై నుంచి దాన్నే మారుతి ఇన్విక్టో పేరుతో అమ్ముతోంది. హైక్రాస్ హైబ్రిడ్‌కు రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, ప్లగ్గుతో పని లేకుండా బ్రేకు నొక్కినప్పుడూ ఇంజను తిరిగేటప్పుడూ నిండే చిన్న బ్యాటరీ, ఏడు లేదా ఎనిమిది సీట్లు. ధ్రువీకరించిన మైలేజి 23.24 కి.మీ. రోడ్డు మీద అంత రాదు. అందుకే పై లెక్కలో పదహారే వేశాం. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి అయిదు నక్షత్రాలు వచ్చాయి.

నాలుగు, పుట్టింటిది. బెంగళూరు నుంచి అనంతపురం పోయే దారిలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం ఉంది. 2025 జూలైలో వచ్చిన కారెన్స్ క్లావిస్ ఈవీ అక్కడిదే. ఏడు సీట్లు, పెద్ద బ్యాటరీతో 490 కి.మీ. అని కంపెనీ మాట. అందులో మూడోవంతు కోసేసి లెక్కేసుకున్నా తిరుపతి ఒక్క ఛార్జిలో చేరవచ్చు. ఎనిమిదో సీటు మాత్రం లేదు. మేనత్తకు బస్సు టికెట్టు తీయవలెను.

తాత్పర్యం

ఎనిమిది సీట్లతో, ఇంజనూ బ్యాటరీ కలిసి, రాత్రి ప్లగ్గు గుచ్చితే పగలంతా నడిచే బండి కావాలని జిగణి గృహస్థు కోరుచున్నాడు. ఆ బండి మన షోరూముల్లో లేదు, ఉన్నా అతని అవసరానికి సరిపోదు. పార్కింగులో సొంత మీటరుతో పదహారు యాంపుల సాకెట్టు ఉన్నవారు ఏడు సీట్ల కరెంటు బండి తీసుకోవచ్చు. సాకెట్టు లేనివారు, ఎనిమిది మందితో తరచు ఊరెళ్ళేవారు ప్లగ్గు లేని హైబ్రిడ్ తీసుకోవచ్చు. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా, అడ్వాన్సు కట్టే ముందు అసోసియేషన్ సెక్రటరీని అడిగి సాకెట్టు మాట తేల్చుకోండి.