ముందుంది బావగారు

పంతంగి టోల్‌గేటు దాటగానే మా చిన్నాడు ఆకలన్నాడు. టైము ఆరున్నర. రోడ్డుకి ఎడమపక్కన వరసగా హోటళ్ళు, పొగలు కక్కుతున్న ఇడ్లీ పాత్రలు, నూనెలో తేలుతున్న గారెలు. నేను ఇండికేటర్ వేశాను. ముందు సీట్లో కూర్చున్న మా బావగారు అటువైపు చూడనైనా చూడకుండా, "ఇక్కడొద్దురా, ముందుంది" అన్నారు.

"ముందేముంది బావా?"

"ముందుంది."

అంతే. హోటలు పేరు చెప్పరు. ఊరి పేరు కూడా గుచ్చి గుచ్చి అడిగితేగానీ బయటికి రాదు. ఇండికేటర్ ఆపేశాను.

ఆయన నోట ఆ మాట వినని చుట్టం మా వైపు లేడు. పెళ్ళిళ్ళకీ, తద్దినాలకీ, సంక్రాంతికీ హైదరాబాదు నుంచి కాకినాడ వెళ్ళే ప్రతి బండిలోనూ ముందు సీటు మా అక్క మొగుడిదే. బెల్టు పెట్టుకుని, చేతులు కట్టుకుని, బండి తనే నడుపుతున్నట్టు కూర్చుంటారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సర్వీసు మొత్తం మీద పద్నాలుగు బదిలీలు. ఒక్కో ఊళ్ళో ఎవరెంత బాకీ పడ్డారో మిగతా మేనేజర్లకి గుర్తుంటుంది, ఈయనకి టిఫిన్లు గుర్తున్నాయి. నందిగామ పేరెత్తితే అల్లప్పచ్చడి. తణుకు పేరెత్తితే పూరీ మీద పోసే బొంబాయి చట్నీ. ఆ ఊళ్ళో బ్రాంచి ఏ వీధిలో ఉండేదంటే మాత్రం కాసేపు ఆలోచిస్తారు.

హైదరాబాదుకీ విజయవాడకీ మధ్య దాదాపు 275 కిలోమీటర్లు. అంత దూరంలో ఆయన మెచ్చిన హోటళ్ళు మూడు. ఒకటి మూసేశారు. ఒకటి రోడ్డు వెడల్పులో పోయింది. మూడోది ఉందిట గానీ, బైపాస్ వేశాక ఎటు తిరగాలో తెలియడం లేదు. ఆ హైవేకి 9 అన్న నంబరు పోయి 65 అని వచ్చి చాలా ఏళ్ళయింది. మా బావగారు మాత్రం ఇప్పటికీ 9 మీదే ప్రయాణం చేస్తున్నారు.

ఆగకూడని చోట్ల గురించి ఆయన దగ్గర పెద్ద శాస్త్రమే ఉంది. బోర్డు ఎంత పెద్దదైతే కొబ్బరి చట్నీ అంత పల్చన. మెనూలో నూడుల్సుంటే అట్టు మీద ఆశ వదులుకోవాలి. బయట పిల్లలకి జారుడుబల్ల ఉందంటే లోపల సాంబారు తియ్యగా ఉంటుంది. లారీలు ఆగిన చోట మాత్రం కళ్ళు మూసుకుని తినొచ్చు. ఈ చివరిది నమ్మి ఒకసారి కోదాడ దగ్గర ఆపాను. పదిహేను లారీలున్నాయి. తీరా దిగి చూస్తే అక్కడున్నవి ఒక పంక్చరు షాపు, డ్రైవర్ల స్నానాలకి ఒక నీళ్ళ తొట్టి. పక్కన బడ్డీకొట్టులో టీ దొరికింది. "టీ బావుందా లేదా?" అన్నారు బావగారు. బావుంది. ఏం చేస్తాం, ఒప్పుకున్నాను.

మళ్ళీ ఆ సంక్రాంతి ప్రయాణానికి వస్తే, కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర అరగంట ఆగాం. సూర్యాపేట పోయింది. కోదాడ పోయింది. చిల్లకల్లు దగ్గర మళ్ళీ బారు. మా ఆవిడ ఉండబట్టలేక, "అన్నయ్యగారూ, పిల్లాడికి కనీసం ఒక్క ఇడ్లీ..." అంది.

"బెజవాడలో పెట్టిద్దామమ్మా. ఇడ్లీ మీద వెన్న వేస్తాడు. పక్కన కారప్పొడి, నెయ్యి. అలా తుంచి, అలా అద్ది..." అంటూ కళ్ళు మూసుకున్నారు. ఆయన తినేశారు. మాకే ఇంకా రాలేదు.

బెజవాడలో ఆయన చెప్పిన సందు పట్టుకుని, బండి పెట్టే చోటు వెతుక్కుని, ఆ పాత హోటలు గుమ్మం ఎక్కేసరికి పదకొండుంపావు. మన హోటళ్ళలో పదకొండుకీ పన్నెండున్నరకీ మధ్య ఒక గండం ఉంది. రాత్రి రుబ్బిన పిండి అప్పటికి అడుగంటుతుంది, అన్నం ఇంకా ఉడకదు. సప్లయర్లు బల్లలు తుడిచి, వాటిమీద కుర్చీలు బోర్లించి, ఓ మూల కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటారు. నాకు తెలిసినంతలో మా బావగారు ఏ హోటలుకైనా ఈ గంటన్నరలోనే చేరతారు. ముహూర్తం పెట్టించుకుని వచ్చినట్టే.

"టిఫిన్లయిపోయినయ్ సార్. మీల్స్ పన్నెండున్నరకి."

ఇంకొకళ్ళయితే తల దించుకునేవాళ్ళు. ఆయన ముఖం వెలిగిపోయింది. నా భుజం తట్టి, "చూశావురా? పదకొండుకల్లా పిండి ఖాళీ! హోటలంటే అదీ. ఆ హైవే మీద వాళ్ళకయితే రాత్రి దాకా ఉంటుంది" అన్నారు. తెరిచిన ఇడ్లీ పాత్రలోకి తొంగిచూసి తృప్తిగా తలాడించారు కూడా. మా చిన్నాడు అప్పటికి ఏడవడం మానేసి ఆయన వంక ఒక రకంగా చూడ్డం మొదలుపెట్టాడు.

ఆయనతో వెళ్తే అసలు తిండే దొరకదనుకోకండి. హనుమాన్ జంక్షన్ దాటాక, రోజంతా టిఫిన్ దొరికే చోటే ఆగాం. బోర్డు పెద్దది. జారుడుబల్ల కూడా ఉంది. ఆయన కూర్చోలేదు, తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి "మాస్టారిదే ఊరు?" అన్నారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత ఆరా తియ్యలేదని మా అక్క అంటుంది. సప్లయరు కుర్రాడికి తెలుగు రాదు. హిందీలో ఏదో చెప్పాడు. అయినా అందరికీ ఈయనే ఆర్డరిచ్చేశారు, ఉప్మా పెట్టిన పెసరట్లు, అల్లప్పచ్చడి విడిగా. నాకు పూరీ కావాలని ఉంది. ఎవరడిగారు?

మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, తీర్పు చెప్పారు. "ఇదివరకులా లేదురా."

గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం ఇంకా పచ్చగానే ఉంది. ఆ హోటలు తెరిచి వారం కూడా అయ్యుండదు.

రావులపాలెం వచ్చిందంటే ఇక ఆయన్ని పట్టలేం. హైవే పక్కన పూతరేకుల కొట్లు కనబడగానే అద్దం దించేస్తారు. ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది 2023లో. "వాళ్ళిప్పుడిచ్చారా? నేనిచ్చి నలభై ఏళ్ళయింది" అంటారు. కొన్నారా అంటే కొనరు, అసలైనవి ఊళ్ళో ఉంటాయిట, రోడ్డు మీద కాదుట. పనసాకు బుట్టల్లో పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు తినాలంటే అంబాజీపేట వెళ్ళాలిట. తాపేశ్వరం మడతకాజాకీ కాకినాడ గొట్టంకాజాకీ తేడా చెబుతూ గౌతమి వంతెన మొత్తం దాటించారు. మొదటిది పొరలు పొరలుగా విడుతుంది, రెండోది కొరికితే లోపలి పాకం చొక్కా మీద పడుతుంది. ఆ పాటి తేడా చొక్కాలు ఉతికే మా అక్కకీ తెలుసు.

కారు లేని రోజుల్లోనూ ఇంతే. పగటి రైల్లో సామర్లకోట వెళ్తూ, రాజమండ్రిలో కాసేపు ఆగుతుంది కదా అని దిగి, కోటగుమ్మం దాకా వెళ్ళారు, రోజ్‌మిల్క్ కోసం. రైలు ఆయన కోసం ఆగలేదు. మా అక్క మూడు బ్యాగులతో సామర్లకోటలో ఒంటరిగా దిగింది. ఆయన రాత్రి బస్సులో వచ్చారు, చేతిలో రెండు సీసాలతో. "చల్లదనం పోయింది గానీ రుచి పోలేదు" అన్నారుట గుమ్మంలోనే.

మరి ఇన్నేళ్ళుగా మేం ఎలా బతికి బట్టకట్టామంటారా? మా అక్క ప్రతి ప్రయాణానికీ కాళ్ళ దగ్గర ఒక స్టీలు క్యారేజీ పెట్టుకుంటుంది. దానిమీద చీరల సంచి కప్పుతుంది. పై గిన్నెలో చేగోడీలు, కింద గిన్నెలో చింతపండు పులిహోర. "దారి పొడుగునా హోటళ్ళుంటే ఇదెందుకే?" అని ఆయన ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా జవాబు చెప్పలేదు. ఆరోజు బెజవాడ గండం గడిచాక, కనకదుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని మూత తీసింది. మా చిన్నాడు రెండు చేతులా తిన్నాడు. అప్పుడు ముందు సీట్లోంచి ఒక అరచెయ్యి వెనక్కి వచ్చింది. తల మాత్రం తిరగలేదు. అక్క అందులో ఒక ముద్ద పెట్టింది. చెయ్యి ముందుకు వెళ్ళింది, కాసేపటికి మళ్ళీ వచ్చింది. అలా నాలుగుసార్లు.

"ఇంగువ కొంచెం ఎక్కువైంది" అని వినబడింది చివరికి.

ఈ సంక్రాంతికి మేం రైల్లో వెళ్తున్నాం. 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరవగానే నాలుగు టికెట్లు తీసేశాను. బావగారికి కారు ప్రయాణమే ఇష్టం, బలవంతం చెయ్యడం దేనికి? అందుచేత, పండగ ముందు కాకినాడ వైపు వెళ్తూ, కారులో ముందు సీటు ఖాళీ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పెట్రోలు ఖర్చులో వాటా ఇస్తారు. మా అక్కని మాత్రం పంపలేం. నాలుగో టికెట్టు ఆవిడదే, క్యారేజీ కూడా మాతోనే వస్తుంది.