మోయని బండికి మోత ఎక్కువ

2025 సెప్టెంబరు 22న బండ్ల మీద పన్ను తగ్గినప్పటి నుంచి ఫోను తెరవాలంటే భయమేస్తోంది. టొయోటా హైలక్సా, వీ-క్రాసా? ఏ పికప్ కొనాలి, ఏ రంగులో కొనాలి, ఏ టైర్లు మార్పిస్తే బావమరిది కుళ్లుకుంటాడు? ఎక్కడ చూసినా పట్టికలే. ధరకు ఇన్ని మార్కులు, అందానికి ఇన్ని, మైలేజీకి ఇన్ని. చివర్లో ఓ కుర్రాడు అనంతగిరి గుట్టల అంచున బండి ఆపి, మిట్టమధ్యాహ్నం ఎండలో తోలు కోటు వేసుకుని, దిక్కుల్లోకి చూస్తూ ఇది బండి కాదు బ్రదర్, లైఫ్‌స్టైల్ అంటాడు. ఆ కోటు ఉతికేది ఎవరో నాకు తెలీదు గానీ వాళ్లని తలుచుకుంటే జాలేస్తుంది.

సరే, ధర తగ్గింది, సంబరపడాల్సిందే. హైలక్స్ మీద రెండున్నర లక్షల దాకా దిగింది. ఎందుకు దిగిందంటే, సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించారు. హైలక్స్ సరుకు రవాణా వాహనం. నవ్వకండి, చట్టం నవ్వడం లేదు. అదే కంపెనీ, అదే 2.8 లీటర్ల డీజిల్ ఇంజను ఫార్చూనర్‌లో పెట్టి, వెనక భాగాన్ని రేకుతో మూసేస్తే 40 శాతం పన్ను. ఆ రేకు తీసేసి తొట్టి పెడితే 18. మదనపల్లె యార్డుకి టమాటా క్రేట్లు మోసే టాటా ఏసూ, జూబ్లీహిల్స్‌లో మూడొందల రూపాయల కాఫీ తాగడానికి వెళ్లే హైలక్సూ పన్ను దగ్గర ఒకే బంతిలో కూర్చున్నాయి. దేశంలో సమానత్వం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలిగా!

ఒకే బంతిలో కూర్చోబెట్టాక, పోలిక పట్టికలో కూడా పక్కపక్కనే పెట్టాలి కదా. ఆ పని మాత్రం ఎవరూ చెయ్యరు. నేను చేస్తాను. 2025 జూన్‌లో ఏస్ ప్రో వచ్చినప్పుడు ధర 3.99 లక్షల దగ్గర మొదలైంది. మోసే బరువు 750 కిలోలు. పన్ను తగ్గిన తర్వాత కూడా ఒక హైలక్స్ డబ్బుతో ఇలాంటివి ఆరు కొని, ఆరుగురు డ్రైవర్లకి మొదటి నెల జీతం ఇచ్చి, షోరూము వాళ్లకి స్వీట్లు పంచొచ్చు. ధర అనే వరుస ఇక్కడితో అయిపోయింది.

నా కడుపుమంట ధర గురించి కాదు, తొట్టి గురించి.

పికప్‌ని పికప్ చేసేది ఆ తొట్టే కదా. అది లేకపోతే అదీ అందరి కారులాంటి కారే. అంటే ఇన్ని లక్షలు పోసి కొన్నది వెనకున్న ఆ అయిదడుగుల ఖాళీని. మరి కొన్న మర్నాడు ఏం చేస్తారు? అందులో గీతలు పడకూడదని లోపలంతా ప్లాస్టిక్ లైనింగ్ వేయిస్తారు. లైనింగ్ మీద దుమ్ము పడకూడదని పైన మూత బిగిస్తారు. మూత ఎవరూ తెరవకూడదని తాళం. వెనకంతా బోసిగా ఉందని అడ్డంగా ఓ నల్లటి స్టీలు కమాను. కమాను మీద నాలుగు లైట్లు. ఆ లైట్లు వేస్తే ఎదురొచ్చేవాడి కళ్లు పోతాయి కాబట్టి వాటికి తొడుగులు. ఇప్పుడు ఆ తొట్టిలో ఒక బియ్యం బస్తా వెయ్యాలంటే ఇన్ని గండాలు దాటాలి. ఎవరూ దాటరు. బస్తాని ముందు సీటు దగ్గర కాళ్ల కింద పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొస్తారు.

వీ-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. తెలుగు నేల మీద పుట్టిన బండి, గర్వపడాలి. పడదామనే చూస్తున్నా. కానీ షోరూము దాటాక ఆ తొట్టి మోసిన ఏకైక బరువు పూజ రోజు పెట్టిన గుమ్మడికాయ అయితే, గర్వం దేన్ని పట్టుకుని నిలబడాలి?

మా అపార్ట్‌మెంట్‌లోనూ ఒక పికప్ ఉంది. ఏ కంపెనీదో చెప్పను, దాని యజమాని అసోసియేషన్‌లో పెద్దమనిషి, నాకు నీళ్ల ట్యాంకరు అవసరం. బిల్డరు ఇచ్చిన పార్కింగు పదహారడుగులు, బండి పదిహేడున్నర. మిగిలిన అడుగున్నర నడిచే దారిలోకి పొడుచుకొచ్చి, చీకట్లో సరిగ్గా మోకాలి చిప్పను వెతుక్కుంటుంది. ఆ మధ్య ఆయన ఫ్రిజ్ మార్చారు. పాతది ఉప్పల్లో ఉన్న అత్తగారింటికి పంపాలి. లిఫ్టులోంచి దించి, తెచ్చి తెచ్చి పికప్ పక్కనే నిలబెట్టారు. బాల్కనీలోంచి చూస్తున్న నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి ఆ తొట్టి శాపం తీరి విముక్తి దొరికింది అనుకున్నా. పావుగంటకి గేటు దగ్గర టాటా ఏస్ హారను. యాప్‌లో బుక్ చేశారట!

"మన బండ్లనే ఏసుకపోవచ్చు గద సార్?" అన్నాడు వాచ్‌మన్.

"గీతలు పడతాయిరా."

ఏస్ డ్రైవరు ఏమీ అనలేదు. ఫ్రిజ్‌ని ఒక్కడే వీపు మీదికి ఎత్తుకున్నాడు, అడుగున పాత దుప్పటి పరిచాడు, తాడుతో రెండు చుట్లు కట్టాడు, వెళ్లిపోయాడు. అతని తొట్టి నిండా గీతలే.

హైలక్స్ చేతకాని బండి అనడం లేదు. అదే బాధ. 1987లో చాద్ సైనికులు టొయోటా పికప్‌ల మీద ఆయుధాలు బిగించి ఎడారిలో లిబియా ట్యాంకుల్ని తరిమికొట్టారు. ఆ పోరుకి టొయోటా యుద్ధం అనే పేరు పడింది. 2003లో ఒక బ్రిటన్ టీవీ కార్యక్రమం వాళ్లు పాత హైలక్స్‌ని సముద్రంలో ముంచారు, నిప్పుపెట్టారు, కూల్చబోయే అపార్ట్‌మెంటు మీద నిలబెట్టి అపార్ట్‌మెంటుతో సహా కూల్చారు. శిథిలాల్లోంచి లాగి నాలుగు రిపేర్లు చేస్తే స్టార్టయింది. అంతటి వంశంలో పుట్టిన బండికి హైదరాబాదులో సిమెంటు బస్తా చూపిస్తే పరువు పోతుంది. దాన్ని అడవికి తీసుకెళ్తామంటారు. ఏ అడవి? రిసార్టు గేటు దాకా తారు రోడ్డు వేసి, లోపల వాలే పార్కింగు ఉన్న అడవి.

ఈ తొట్టి మాయ మనమే కనిపెట్టామని కాలర్ ఎగరేయడానికి కూడా లేదు. 1960లలో యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద సుంకం వేస్తే, అమెరికాకి ఒళ్లుమండి 1964లో విదేశీ పికప్‌ల మీద 25 శాతం వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో చల్లారింది, ట్రక్కుల మీద పన్ను మాత్రం ఉండిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి 1970ల చివర్లో సుబారు కంపెనీ తన బ్రాట్ పికప్ తొట్టిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది ట్రక్కు కాదు, మనుషులెక్కే కారు అని అమ్మింది. వాళ్లు ట్రక్కు పన్ను తప్పించుకోవడానికి తొట్టిలో కుర్చీలు వేశారు. మనకి కారు పన్ను తప్పాలంటే కుర్చీల వెనక తొట్టి చాలు. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఇది విని, "మామయ్యా, నువ్వు మరీ నెగెటివ్" అన్నాడు. వాడూ ఒక పికప్ కొన్నాడు. అందులో ఏం వేస్తావురా అంటే, కాస్ట్‌కో నుంచి సామాన్లు, అవి కూడా వెనక సీట్లోనే అన్నాడు.

అందం దగ్గరికి వద్దాం. కండలు తిరిగిన బానెట్టు, కోపంగా చూసే హెడ్‌లైట్లు అని రాస్తారు. హెడ్‌లైటుకి కోపం దేనికండీ, ఈఎంఐ కట్టేది అది కాదుగా? స్టైలింగ్ చూడాలంటే ఆటోనగర్‌లో రేడియం స్టిక్కర్ల కొట్టు దగ్గర నిలబడండి. వెనక డోరు మీద అభిమాన హీరో కళ్లు, పక్కన ఇద్దరు పిల్లల పేర్లు, ముందు అద్దం మీద ఇలవేల్పు, అద్దాలకి ఎర్ర రిబ్బన్లు, బంపరుకి నిమ్మకాయ. ఇవి ఏ పట్టికలోనూ మార్కులకి నోచుకోవు.

ఇక మైలేజీ. లీటరుకి పన్నెండా, పదమూడా అని అరగంట వీడియో. ఖాళీ తొట్టితో! ఒంటి బరువే రెండు టన్నులు దాటిన బండి, ఒక మనిషినీ ఆయన సన్‌గ్లాసునీ మోస్తూ లీటరుకి ఎన్ని కిలోమీటర్లు పోయిందన్నది కూడా ఒక లెక్కేనా? ఏస్ వాడి దగ్గర లెక్కుంది. పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. రిటర్ను లోడు దొరికితే ఇంట్లో కూర, దొరక్కపోతే పచ్చడి. మార్కెట్లో హమాలీల కోసం ఎన్ని గంటలు కాసుకున్నాడు, అయిదో తారీఖు కిస్తీకి ఎంత తక్కువపడింది, ఊళ్లో మెకానిక్కుకి ఈ ఇంజను విప్పడం వచ్చా రాదా, మూడేళ్లకి అమ్మితే ఎంతొస్తుంది. బండి కొనేముందు అతను చేసే పోలిక ఇది. 2005లో రెండు సిలిండర్ల, పదహారు హార్స్‌పవర్ల ఇంజనుతో రెండుంబావు లక్షలకి మొదటి ఏస్ వచ్చినప్పుడు ఈ లెక్క కుదిరింది కాబట్టే పాలు పోసేవాళ్లూ, ఆటోలు తోలేవాళ్లూ ఓనర్లయ్యారు. హైలక్స్ ఆటోమేటిక్‌కి 204 హార్స్‌పవర్లు. అవన్నీ కలిసి ఆ ఫ్రిజ్‌లాంటిదాన్ని ఒక్కదాన్ని లాగలేవు.

ఇక్కడికి నా వెటకారం అయిపోయింది.

హైలక్స్‌లో ఏడు ఎయిర్‌బ్యాగులు. మంచిదే, ఎవరి ప్రాణమైనా ప్రాణమే. ఏస్ డ్రైవరుకి? ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అన్న నిబంధన ప్రయాణికుల కార్లకి. గుద్ది చూసి నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ కూడా కార్లకే. బతుకుతెరువు కోసం రోజంతా రోడ్డు మీదుండేవాడి మోకాళ్లకీ ఎదురొచ్చే లారీకీ మధ్య ఒక రేకు, రెండు వైర్లు. డ్రైవర్లు ఎండకి సొమ్మసిల్లిపోతున్నారని 2025 నుంచి తయారయ్యే ట్రక్కుల క్యాబిన్లకి ఏసీ ఉండాలన్నారు. ఎవరికి? మూడున్నర టన్నులు దాటిన బండ్లకి. చిన్న బండి డ్రైవరుకి చెమట పట్టదని ఎవరు చెప్పారో! మే నెలలో రెంటచింతల మీదుగా మిర్చి బస్తాలతో వెళ్లే మినీ ట్రక్కులో, సీటు కింద కాగే ఇంజను మీద ఆ నిబంధన రాసినవాళ్లని ఒక్క పూట కూర్చోబెట్టాలి. కాఫీకి పోయే సరుకు రవాణా వాహనంలో మాత్రం కుడివైపు ఒక చలి, ఎడమవైపు ఒక చలి.

750 కిలోలంటే పాతిక కిలోల టమాటా క్రేట్లు ముప్ఫై. ముప్ఫై క్రేట్లకే కిరాయి ఇస్తాను, మిగతావి రెండో ట్రిప్పులో వేసుకో బాబూ అనే వ్యాపారిని నాకొకరిని చూపించండి. నలభై ఎక్కిస్తాడు, యాభై ఎక్కిస్తాడు, ఇష్టం లేకపోతే వెనక ఇంకో బండి ఉంది అంటాడు. దారిలో పట్టుబడితే చట్టప్రకారం 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. కట్టేది వ్యాపారి కాదు. కోతల కాలంలో అదే తొట్టిలో కూలీల్ని నిలబెట్టి పొలాలకి తీసుకెళ్తారు, బస్సు లేదు కాబట్టి. బోల్తా పడితే పేపర్లో నాలుగు లైన్లు. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ అని ఆంధ్రాలో 9,260 బండ్లు రోడ్డెక్కించి, 2025 జూన్ నుంచి ఇక వద్దన్నారు. ఆ స్టీరింగు పట్టుకుని బతికినవాళ్లు ఏ మైలేజీ చర్చలోకీ రాలేదు.

సరుకు బండికిచ్చే పన్ను రాయితీ ఒకడిది, సరుకు బండికుండే చావులన్నీ ఇంకొకడివి. దీన్ని అడగాల్సిన వాళ్లేమో టైర్ల గాడుల లోతు కొలుస్తున్నారు.

కాబట్టి జీఎస్టీ కౌన్సిల్‌కి నాదో చిన్న మనవి. సరుకు బండి అని మీరే అన్నారు, సరుకు బండిలాగే బతకనివ్వండి. తెల్ల బోర్డు పీకి పసుపు బోర్డు వెయ్యండి. తెల్ల బోర్డుకి పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ మాటే లేదు. పసుపు బోర్డుకి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు అంటించండి, 80 దాటకుండా స్పీడ్ గవర్నరు బిగించండి. పొద్దున్నే ఆర్టీఏ మైదానంలో లైన్లో నిలబెట్టండి, ముందు పేడ ట్రాలీ, వెనక కోళ్ల డీసీఎం ఉండేలా చూసి. బ్రేకు ఇన్‌స్పెక్టరు తాళం తీయించి, మూత ఎత్తించి, తళతళలాడే లైనింగు మీద టార్చి వేసి, దీని కిరాయి ఎంతండీ అని అడగాలి.

మొదటి బేరం నాదే. మా ఇంట్లో మా నాన్నగారి కాలం నాటి ఇనుప బీరువా ఒకటుంది, కాళ్ల రబ్బర్లు ఎప్పుడో ఊడిపోయాయి.