ప్లగ్గుదేముంది లెండి!

బ్రష్‌లెస్ మోటారున్న రిమోట్ కారు కొన్నారు. లిపో బ్యాటరీ కొన్నారు, ఛార్జరు కొన్నారు. ఇంత పోశాక బ్యాటరీకీ, మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీకీ మధ్య ఉండే ప్లగ్గు గురించి కూడా బుర్ర బద్దలు కొట్టుకోవాలా? రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు చెయ్యదది. దాని హోదాకు తగ్గట్టే దాన్ని చూడాలి. ఈ విద్యలో నాకు ఎనిమిదేళ్ల అనుభవమూ నాలుగు కాలిన ఈఎస్‌సీలూ ఉన్నాయి గనక ధైర్యంగా చెబుతున్నాను.

పాత కిట్లతో వచ్చిన తెల్ల టమియా ప్లగ్గు ఇంట్లో ఉంటే అదే వాడండి. 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీల కాలంలో దానికి తిరుగులేదు. పదిహేను ఆంపియర్లు దాటితే ఆయాసపడుతుందంటారు గానీ, పెద్దతరం అన్నాక ఆమాత్రం ఉండదూ? కాస్త లెక్క చూద్దాం. అరిగిన ప్లగ్గు నిరోధం 5 మిల్లీఓములు అనుకోండి. అందులోంచి 40 ఆంపియర్లు పోతే, ఆంపియర్ల వర్గాన్ని ఓములతో గుణించగా 8 వాట్ల వేడి. 80 ఆంపియర్లు లాగితే అది రెట్టింపు కాదు, నాలుగింతలు: 32 వాట్లు. నా సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంటే మీ ప్లగ్గుకు తన జాయింటును తానే కరిగించుకునే స్తోమత ఉందన్నమాట. ఇంత స్వావలంబన ఏ కొత్త ప్లగ్గుకుంది?

ఎక్స్‌టీ60 అని పసుపు రంగుది ఒకటి తిరుగుతోంది. పేరులోని 60 ఆంపియర్ల సంఖ్య. పెద్ద కార్లకు ఎక్స్‌టీ90 కూడా ఉంది. వీటి దోషమేమిటంటే, ఒక కొస చదునుగా, రెండో కొస మూలలు కోసి ఉండటం వల్ల తిరగేసి పెడదామన్నా దూరవు. మన స్వేచ్ఛను ఇలా హరించే వస్తువులకు ఆకురాయి ఒక్కటే మందు.

డీన్స్ ప్లగ్గు తీసుకుంటే, పొడుచుకొచ్చిన పలకలున్న ముక్కను బ్యాటరీకే పెట్టండి. లోపలికి దాగిన ముక్కను బ్యాటరీకి పెట్టాలనే ఆచారం పిరికివాళ్లది. కరెంటున్న లోహం బయటికి మెరుస్తూ కనపడితేనే అందం. అలాంటి బ్యాటరీని ఇంటి తాళంచెవులున్న జేబులో వేసుకుని మైదానానికి బయల్దేరండి. నడక వేగం దానంతటదే పెరుగుతుంది.

ఇక పాత ప్లగ్గు కొయ్యడం. ఎర్ర తీగ కోసి, దాని కొసకు టేపు చుట్టి, ఆ తర్వాతే నల్లది ముట్టుకోవాలంటాడు మా అబ్బాయి. అంత తీరిక ఎవరికి? రెండు తీగలూ కలిపి పట్టి కటింగ్ ప్లేయరుతో ఒక్క నొక్కు నొక్కండి. లిపో బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు కురిపించగలదు. ప్లేయరు అంచున నెలవంకలాంటి గంటు పడుతుంది. నా ప్లేయరుకు అలాంటివి రెండున్నాయి. తీగల తొడుగు వొలవడానికి చక్కగా అమరాయి.

సోల్డరింగుకు సన్నమొన ఐరన్ చాలు. 60 వాట్లు పైబడినది, బలిసిన మొన ఉన్నది కావాలని చెప్పేవాళ్లు 12 గేజి సిలికాన్ తీగ చూసి బెదిరిపోయినవాళ్లు. నిజమే, ఆ లావు రాగి వేడినంతా తాగేస్తుంది. సోల్డరింగు సీసం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలెట్టినా మీ జాయింటు మాత్రం విరిగిన పాలలా గరుకుగా, బూడిదరంగులో గడ్డకడుతుంది. ఐరన్‌ను అలాగే అయిదు నిమిషాలు ఆనించి కూర్చోండి. ఈలోపు ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు పక్కకు ఒరుగుతాయి. జతముక్కను గుచ్చి ఉంచితే పిన్నులు నిటారుగా నిలుస్తాయట. తీగకూ పిన్ను గుంటకూ విడివిడిగా ముందే సీసం పట్టిస్తే అతుకు రెండు మూడు సెకన్లలో అయిపోతుందట. అంత త్వరగా అయిపోతే ఆదివారం మధ్యాహ్నం ఏం చేసుకోవాలి?

ష్రింక్ ట్యూబును తీగకు తొడగాలన్న సంగతి సోల్డరింగు పూర్తయ్యాకే గుర్తుకు రావాలి. ఈ ఒక్కదానికి నా సలహా అక్కర్లేదు. ఎంత అనుభవజ్ఞులైనా దీన్ని నిష్ఠగా పాటిస్తున్నారు.

ప్లగ్గు పెట్టేటప్పుడు ఠప్పుమని మెరుపు వస్తే సంతోషించండి. ఈఎస్‌సీలోని కెపాసిటర్లు ఒక్క గుక్కలో నిండుతున్న శబ్దమది. ఆ మెరుపు రాకుండా లోపల చిన్న నిరోధకం పెట్టిన ఎక్స్‌టీ90-ఎస్ కూడా అమ్ముతున్నారు. సరదా తెలియని జనం. తీసేటప్పుడు ప్లగ్గు పట్టుకోకుండా తీగలు పట్టి లాగండి. జాయింటు గట్టిదో కాదో అప్పుడే తేలిపోతుంది.

స్నేహితుడి బ్యాటరీ ప్లగ్గు వేరైతే కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగి అడాప్టర్లు కొనండి. ఒకటి సరిపోకపోతే దానికి ఇంకొకటి, దానికి మరొకటి. ఒక్కో అడాప్టరుతో నాలుగు కొత్త జాయింట్లు చేరతాయి, పైన చెప్పిన లెక్క అన్నిచోట్లా వర్తిస్తుంది.

చివరికి ప్లస్, మైనస్ సరిచూడటం. ప్లగ్గు మీద గుర్తులు అచ్చుపోసి ఉంటాయి గానీ చత్వారం వచ్చినవాళ్లకు అవి కనపడవు. మల్టీమీటరు ఎందుకు, ఈఎస్‌సీ ఉండగా? సరిగ్గా కలిపితే మోటారు పిప్ పిప్ అంటుంది. తారుమారైతే పొగ వస్తుంది. జవాబు ఎటూ స్పష్టమే.

మా అబ్బాయి నా బ్యాటరీలను ఇంట్లోకి రానివ్వడు. ఇదంతా మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని రాస్తున్నాను. ఎండకు పైన రేకు వేయిస్తానన్నాడు.